రిమోట్ ఆబ్జెక్ట్ ఇంటర్‌ఫేస్: క్లాసులోని మెథడ్లన్నీ ఉన్నవి ఉన్నట్టే బయటపెట్టాను, ఇప్పుడు స్క్రీన్ కదలడం లేదు

కొత్తమెట్టు

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడి చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

మాది గోదాము సరుకు లెక్కలు చూసే ప్రోగ్రామ్. ఇన్నాళ్లూ అంతా ఒకే ప్రాసెస్. లెక్కలు కట్టే భాగం క్రాష్ అయితే స్క్రీన్ కూడా దాంతోపాటే పోయేది. అందుకని రెండు ముక్కలు చేశాం: ఇంజిన్ ఒక ప్రాసెస్, స్క్రీన్ ఇంకో ప్రాసెస్. విడదీసే పని నా మీద పడింది. 'సరుకు' అనే క్లాసులో 14 మెథడ్లున్నాయి. వాటన్నిటినీ అలాగే ఇంటర్‌ఫేస్ ఫైల్లోకి ఎక్కించి స్టబ్‌లు (అవతలి ప్రాసెస్‌లోని మెథడ్‌ని మామూలు కాల్‌లాగే పిలవనిచ్చే కోడ్) జనరేట్ చేశాను. స్క్రీన్ కోడ్ దాదాపు ముట్టుకోకుండానే మొదటిరోజే పని చేసింది. చాలా సంతోషించాను.

జాబితా తెరిస్తే 1,200 వరుసలు. ప్రతి వరుసకీ పేరు, కోడ్, నిల్వ, ధర, అర (షెల్ఫ్) నంబరు, చివరిగా మారిన తేదీ అని ఆరు గెట్టర్లు, అంటే ఒక్కో విలువ తెచ్చిచ్చే మెథడ్లు. రెండు ప్రాసెస్‌లూ ఒకే మెషీన్‌లో ఉన్నప్పుడు సెకను పైచిలుకు పట్టేది, సర్దుకున్నాం. పోయిన వారం ఇంజిన్‌ని వేరే మెషీన్‌కి మార్చారు. పింగ్ చేస్తే రానూపోనూ 2 మిల్లీసెకన్లే. జాబితా తెరుచుకోవడానికి మాత్రం 15 సెకన్లు. అంతసేపూ స్క్రీన్ బిగుసుకుపోతోంది.

రెండో సమస్య ఇంకా టెన్షన్ పెడుతోంది. "నిల్వ తగ్గించు, 5" అని కాల్ వెళ్లింది, జవాబు వేళకి రాలేదని టైమ్‌అవుట్ వచ్చింది. వాడుతున్నాయన మళ్లీ నొక్కాడు. తీరా చూస్తే 10 తగ్గింది.

డేటా పంపే ఫార్మాట్‌ని ఇంకా వేగమైన బైనరీకి మారిస్తే సరిపోతుందా? లేక డిజైన్‌లోనే తప్పు చేశానా?

పాతవైరు

ఫార్మాట్ జోలికి వెళ్లకండి. ముందు గుణకారం చెయ్యండి. 1,200 వరుసలు, ఒక్కోదానికి 6 కాల్స్, మొత్తం 7,200. ఒక్కో కాల్‌కి 2 మిల్లీసెకన్లు అంటే 14.4 సెకన్లు. మీరు చెప్పిన 15లో మిగిలిన చిల్లర మాత్రమే బైట్లుగా మార్చడానికీ స్క్రీన్ గీయడానికీ పోతోంది. ఎంత గొప్ప ఫార్మాట్ తెచ్చినా ఆ చిల్లరలోంచే తగ్గుతుంది. 14.4 అక్కడే కూర్చుంటుంది.

ఒకే ప్రాసెస్‌లో ఫంక్షన్ కాల్‌కి కొన్ని నానోసెకన్లు చాలు. 2 మిల్లీసెకన్లంటే 20 లక్షల నానోసెకన్లు. గెట్టర్లు రాసినప్పుడు అవి ఉచితం అనుకుని రాశారు, అప్పుడు నిజంగానే ఉచితం. మధ్యలో తీగ, అంటే నెట్‌వర్క్, పడగానే ఒక్కోదానికీ ఖరీదు కట్టాల్సి వచ్చింది. మీ తప్పు అంటే ఇదే. స్టబ్ జనరేటర్ ఆ ఖరీదుని కనబడకుండా చేసింది.

స్క్రీన్‌కి ఒక విడతలో ఏం కావాలో అడగండి. "ఈ వడపోతకి సరిపడే సరుకులు, ఇక్కడినుంచి 200, ఈ ఆరు విలువలతో సహా ఇవ్వు" అని ఒక్క మెథడ్ పెట్టండి. జవాబులో వచ్చేవి రిమోట్ ఆబ్జెక్టులు కాకూడదు, ఉత్త విలువలు. వాటిని పట్టుకుని స్క్రీన్ ఎన్నిసార్లు చదువుకున్నా తీగ మీదికి వెళ్లదు.

బిట్‌బాట

పాతవైరు గారూ, ఇక్కడ నాకో సందేహం. అలా చేస్తే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతికి అర్థం ఏముంది? డేటా లోపల దాచుకుని మెథడ్ల ద్వారా ఇవ్వడమే కదా అసలు సూత్రం. కోర్బా, జావా ఆర్‌ఎమ్‌ఐ లాంటి రిమోట్ ఆబ్జెక్ట్ వ్యవస్థలు వచ్చిందే అందుకు కదా: ఆబ్జెక్ట్ ఎక్కడుందో పిలిచేవాడికి తెలియనక్కర్లేదు, పక్కనున్నా దూరాన ఉన్నా ఒకేలా పిలవొచ్చు అని. ఆ సౌకర్యం వదులుకుంటే మళ్లీ సాకెట్ల (ఉత్త నెట్‌వర్క్ కనెక్షన్ల) మీద చేత్తో మెసేజ్‌లు రాసుకున్న రోజులకే వెళ్తున్నట్టుంది.

తీగలాగితే

బిట్‌బాట గారు అడిగింది మంచి ప్రశ్న. ఈ రంగం దాని చుట్టూనే తిరిగింది కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను.

1984లో జిరాక్స్ కంపెనీ పార్క్ పరిశోధనశాలలో పనిచేసిన బిరెల్, నెల్సన్ రిమోట్ ప్రొసీజర్ కాల్ (ఆర్‌పీసీ, అంటే వేరే మెషీన్‌లోని ఫంక్షన్‌ని పిలవడం) అమలు గురించి పేపర్ రాశారు. స్టబ్ జనరేటర్, రెండువైపులా రన్‌టైమ్, మనం ఇవాళ వాడే రూపం చాలావరకు అందులో ఉంది. వాళ్ల కోరిక కూడా బిట్‌బాట గారు చెప్పినదే, లోకల్ కాల్‌కి వీలైనంత దగ్గరగా ఉండాలి. ఎంత దగ్గరగా అంటే అవతలి మెషీన్ బతికే ఉందని తెలుస్తున్నంతసేపూ కాల్‌కి టైమ్‌అవుట్ వద్దన్నారు. లోకల్ కాల్‌కి టైమ్‌అవుట్ ఉండదు కదా అన్నది వాళ్ల వాదన. ఇది తర్వాత నిలవలేదు. కానీ అదే పేపర్లో ఒక మాట సూటిగా చెప్పారు: కాల్ తిరిగొస్తే ఆ పని సరిగ్గా ఒక్కసారి జరిగినట్టు, ఎక్సెప్షన్ (ఎర్రర్) వస్తే ఒకసారి జరిగి ఉండొచ్చు, అసలు జరగకపోయి ఉండొచ్చు, ఏదో చెప్పలేం. కొత్తమెట్టు గారి 5, 10 కథ సరిగ్గా ఈ రెండో వాక్యంలో ఉంది.

తర్వాత పదేళ్లకి, 1994లో, సన్ మైక్రోసిస్టమ్స్ ల్యాబ్‌లో వాల్డో, వయంట్, వోల్‌రాత్, కెండాల్ ఇంకో పేపర్ రాశారు. పక్కనున్న ఆబ్జెక్టునీ దూరానున్న ఆబ్జెక్టునీ ఒకేలా చూడాలనుకోవడమే తప్పు అని వాదించారు. వాళ్లు చెప్పిన తేడాలు నాలుగు: ఆలస్యం, మెమరీని అందుకునే తీరు, ఒక భాగం చచ్చి ఇంకో భాగం బతకడం, ఒకేసారి చాలా పనులు నడవడం. ఆలస్యాన్ని మంచి హార్డ్‌వేర్ కొంత సరిచేస్తుందేమో గానీ, సగం చచ్చి సగం బతికిన స్థితిని స్టబ్ ఎప్పటికీ దాచలేదు.

విశేషం ఏమిటంటే, జావా ఆర్‌ఎమ్‌ఐ రూపొందించినవాళ్లలో అదే వోల్‌రాత్, అదే వాల్డో ఉన్నారు. 1997లో జావా కిట్ జేడీకే 1.1తో అది వచ్చింది. అందుకే అందులో ప్రతి రిమోట్ మెథడూ రిమోట్‌ఎక్సెప్షన్ వేయొచ్చని పైకి చెప్పి తీరాలి, పిలిచేవాళ్లు దాన్ని పట్టుకుని తీరాలి. చాలామంది అప్పుడు విసుక్కున్నారు. నాకైతే ఆర్‌ఎమ్‌ఐలో నచ్చిన భాగం అదే. రిమోట్ ఇంటర్‌ఫేస్ చూడగానే రిమోట్ అని తెలిసిపోయేది.

ఇంకో తేడా కూడా చూడండి. మామూలు జావాలో ఆబ్జెక్టుని మెథడ్‌కి ఇస్తే అవతల చేసిన మార్పు ఇవతల కనిపిస్తుంది. ఆర్‌ఎమ్‌ఐలో రిమోట్ కాని ఆబ్జెక్టుని పంపితే కాపీ వెళ్తుంది, మార్పు తిరిగిరాదు. రాసే కోడ్ అక్షరం మారదు, అర్థం మారిపోతుంది. ఆబ్జెక్టివ్-సీ భాషలో డిస్ట్రిబ్యూటెడ్ ఆబ్జెక్ట్స్ తెచ్చినప్పుడు ఇలాంటి తేడాల కోసమే బైకాపీ (కాపీ పంపు), బైరెఫ్ (రిఫరెన్స్ పంపు), వన్‌వే (జవాబు కోసం ఆగకు) అని వేరే మాటలు భాషలోకే ఎక్కించారు.

నిశిరాత్రి

నేను రెండో సమస్య గురించే మాట్లాడతాను, ఎందుకంటే నెమ్మదిగా వచ్చే జాబితాకి జనం తిట్టుకుంటారు, తప్పు నిల్వకి మాత్రం ఎవరి లెక్కో చెడుతుంది.

టైమ్‌అవుట్ వచ్చినప్పుడు మూడిట్లో ఏదైనా జరిగి ఉండొచ్చు. మీ మాట ఇంజిన్‌కి చేరలేదు. చేరింది గానీ పని చేసేలోపు ఇంజిన్ పోయింది. పని చేసింది, జవాబు దారిలో పోయింది. స్క్రీన్ వైపునుంచి చూస్తే మూడూ ఒకటే. టైమ్‌అవుట్ 5 సెకన్ల నుంచి 30కి పెంచినా ఇది మారదు, వాడేవాళ్లు ఎక్కువసేపు ఎదురుచూస్తారు అంతే.

అందుకని మళ్లీ అడిగినా నష్టం లేకుండా మెథడ్‌ని మలచాలి. "తగ్గించు, 5" కాకుండా "తగ్గించు, 5, పని గుర్తు ఇది" అని పంపండి. గుర్తు అంటే ఒక యూయూఐడీ, ఇంకెక్కడా మళ్లీ రాని సంకేతం. ఇంజిన్ ఆ గుర్తుని ఇంతకుముందు చూసి ఉంటే పని మళ్లీ చెయ్యకుండా మొదటిసారి ఇచ్చిన జవాబే ఇస్తుంది.

ఇక్కడ రెండుచోట్ల కాలు జారుతుంది. ఒకటి, గుర్తు ఎక్కడ పుట్టాలి? మేం మొదట దాన్ని పంపే కోడ్‌లో పుట్టించాం. అంటే మళ్లీ పంపిన ప్రతిసారీ కొత్త గుర్తు! ఇంజిన్‌కి అన్నీ కొత్త పనుల్లాగే కనిపించాయి, మూడు రోజులు తల పట్టుకున్నాం. మనిషి బటన్ నొక్కడానికి ముందే, ఆ ఫారం తెరిచిన క్షణాన గుర్తు పుట్టాలి, విజయం తెలిసేదాకా అదే ఉండాలి. రెండోది, ఇంజిన్ ఆ గుర్తుని ఎప్పుడు రాసుకోవాలి? నిల్వ మార్పుతోపాటు ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే జరిగితే రెండూ జరగాలి, లేకపోతే రెండూ జరగకూడదు. ముందు నిల్వ తగ్గించి, తర్వాత వేరేగా గుర్తు రాస్తే, ఆ రెంటి మధ్య క్రాష్ అయితే మళ్లీ మొదటికొస్తారు.

డెడ్‌లైన్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్న హద్దు) కూడా ఇంటర్‌ఫేస్‌లో భాగమే అనుకోండి. జీఆర్‌పీసీ అనే ఆర్‌పీసీ వ్యవస్థలో మీరు పెట్టకపోతే డెడ్‌లైన్ ఉండదు, అవతల బిగుసుకుపోతే ఎదురుచూస్తూనే ఉంటారు.

కొత్తమెట్టు

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి కూర్చుని జాబితా మెథడ్ మార్చాను. 1,200 వరుసలూ ఒక్క కాల్‌లో తెచ్చాను. మొత్తం 150 కిలోబైట్ల లోపే. 15 సెకన్లది 40 మిల్లీసెకన్లలో వచ్చింది. నమ్మలేక మూడుసార్లు కొలిచాను.

గుర్తు విషయంలో నేనూ స్టబ్ లోపలే పుట్టించబోయాను, నిశిరాత్రి గారు ముందే చెప్పి రక్షించారు.

ఇంకో చిక్కుంది. ఎవరైనా నిల్వ మారిస్తే మిగతా స్క్రీన్‌లలో వెంటనే కనబడాలి. అందుకని ప్రతి స్క్రీనూ ఒక కాల్‌బ్యాక్ ఆబ్జెక్టుని (ఇంజిన్ తిరిగి స్క్రీన్‌ని పిలవడానికి) ఇంజిన్‌కి ఇస్తుంది. స్క్రీన్ మామూలుగా మూసేస్తే తీసేస్తున్నాను. మెషీన్ పవర్ పోతేనో, ప్రాసెస్ చస్తేనో ఆ ఆబ్జెక్ట్ ఇంజిన్‌లో అలాగే ఉండిపోతోంది. సాయంత్రానికి ఇంజిన్ మెమరీ పెరిగిపోతోంది. పైగా ఒక్కోసారి రెండువైపులా ఆగిపోతున్నాయి, ఎందుకో అర్థం కాలేదు.

సన్నజాజి

నేను ఆండ్రాయిడ్‌లో పనిచేస్తాను. అక్కడ ప్రాసెస్‌ల మధ్య మాటలు దాదాపు అన్నీ బైండర్ మీదుగానే, కాబట్టి ఈ రెండు జబ్బులూ నాకు బాగా పరిచయం.

రెండువైపులా ఆగిపోవడం: ఇంజిన్ ఒక లాక్ (ఒకసారికి ఒక్కరే పట్టుకోగలిగేది) పట్టుకుని నిల్వ మారుస్తుంది. లాక్ వదలకుండానే "మారింది" అని స్క్రీన్‌ని పిలిచి జవాబు కోసం ఆగుతుంది. స్క్రీన్ ఆ కాల్‌బ్యాక్ లోపలే "సరే, కొత్త విలువ ఎంత?" అని ఇంజిన్‌ని పిలుస్తుంది. ఆ పిలుపుకి అదే లాక్ కావాలి. ఇక ఇద్దరూ ఒకరికోసం ఒకరు. మీ కోడ్‌లో ఇదే ఉందని పందెం కాస్తాను. కాల్‌బ్యాక్‌ని వన్‌వే చెయ్యండి, అంటే పంపి ఆగకుండా ముందుకెళ్లాలి. లాక్ వదిలాకే పంపండి. "మారింది" అని ఊరికే చెప్పకుండా కొత్త విలువ కూడా అందులోనే పెట్టండి, అప్పుడు స్క్రీన్ తిరిగి అడగాల్సిన పనే ఉండదు.

చచ్చిన స్క్రీన్: బైండర్‌లో లింక్‌టుడెత్ అని ఉంటుంది, అవతలి ప్రాసెస్ పోగానే మనకి కబురొస్తుంది. లినక్స్‌లో ప్రాసెస్‌లు మాట్లాడుకునే డీ-బస్‌లో నేమ్‌ఓనర్‌ఛేంజ్డ్ సిగ్నల్ ఆ పని చేస్తుంది. అవి ఒకే మెషీన్‌లో బాగా నడుస్తాయి, ఎందుకంటే ప్రాసెస్ చస్తే కెర్నల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు భాగానికి) తప్పకుండా తెలుస్తుంది. నెట్‌వర్క్ మధ్యలో ఉంటే అంత నమ్మకం లేదు.

ఇంకో హెచ్చరిక. అంతా ఒక్క కాల్‌లో అని మరీ అటువైపు కొట్టుకుపోకండి. బైండర్‌లో ఒక ప్రాసెస్‌లో నడుస్తున్న కాల్స్ (అక్కడ వాటినే ట్రాన్సాక్షన్లు అంటారు) అన్నిటికీ కలిపి ఉన్న బఫర్ సుమారు 1 మెగాబైట్. మేం ఒకసారి చిన్న ఫొటోలన్నీ ఒకే జవాబులో కుక్కాం. టెస్టింగ్‌లో 20 ఫొటోలు, బాగా నడిచింది. వాడేవాళ్ల ఫోన్లలో 300. ట్రాన్సాక్షన్‌టూలార్జ్ అని పడిపోయింది. జీఆర్‌పీసీలో కూడా అందుకునే మెసేజ్‌కి మామూలు హద్దు 4 మెగాబైట్లు. ఇవాళ 1,200 వరుసలు, రేపు లక్ష కావొచ్చు. "ఎక్కడినుంచి, ఎన్ని" అన్న రెండూ మొదటిరోజే మెథడ్‌లో ఉండాలి.

పాతవైరు

దూరానున్నది చచ్చిందో లేదో తెలుసుకోవడానికి పాతవాళ్లందరూ ఒకే దారికొచ్చారు: గడువు. మైక్రోసాఫ్ట్ రిమోట్ ఆబ్జెక్ట్ వ్యవస్థ డీకామ్‌లో క్లయింట్ (పిలిచే) మెషీన్ 2 నిమిషాలకోసారి పింగ్ పంపాలి, వరసగా మూడు తప్పితే సర్వర్ ఆ క్లయింట్ పట్టుకున్న రిఫరెన్స్‌లు వదిలేస్తుంది. ఆర్‌ఎమ్‌ఐలో లీజు మామూలుగా 10 నిమిషాలు, క్లయింట్ లోపలే రెన్యూ చేసుకుంటూ ఉంటుంది. కోర్బాలో ఇలాంటిది ప్రమాణంగా లేదు, ఎవరికి వారు రాసుకున్నారు.

నేనైతే కాల్‌బ్యాక్ ఆబ్జెక్టే వద్దంటాను. స్క్రీన్ తెరిచిన కనెక్షన్ మీదే ఒక స్ట్రీమ్ (మెసేజ్‌లు వరసగా వస్తూ ఉండే దారి) తెరిచి, మార్పులు అందులో వదలండి. కనెక్షన్ పోయిందా, దానికి సంబంధించినదంతా ఒకేసారి వదిలెయ్యండి. పవర్ పోయిన మెషీన్‌ని కనిపెట్టడానికి 20 సెకన్లకోసారి చిన్న పలకరింపు చాలు.

దీనికన్నా లోతైన చిక్కు ఒకటుంది. స్క్రీన్ జాబితా తెచ్చుకుంది. తర్వాత స్ట్రీమ్ తెరిచింది. ఆ రెంటి మధ్య సందులో ఒక మార్పు జరిగితే? అది జాబితాలోనూ లేదు, స్ట్రీమ్‌లోనూ రాదు. ఆ ఒక్క వరుస సాయంత్రం దాకా తప్పుగా కనిపిస్తూ ఉంటుంది, ఎవరికీ కారణం దొరకదు. కాబట్టి ఇంజిన్ ప్రతి మార్పుకీ వరస సంఖ్య ఇవ్వాలి. జాబితా జవాబులో "ఇది 4,310 వరకు ఉన్న స్థితి" అని పంపాలి. స్క్రీన్ "4,310 తర్వాతవి ఇవ్వు" అని స్ట్రీమ్ తెరవాలి. కనెక్షన్ తెగి మళ్లీ కలిసినా అదే పద్ధతి. ఇంజిన్ దగ్గర అంత పాతవి లేకపోతే "మొత్తం మళ్లీ తెచ్చుకో" అని తెగేసి చెప్పే జవాబు కూడా ఇంటర్‌ఫేస్‌లో ఉండాలి. ఇంజిన్ రీస్టార్ట్ అయ్యి సంఖ్య మళ్లీ 1 నుంచి మొదలైతే స్క్రీన్ మోసపోతుంది. అందుకని సంఖ్యతోపాటు ఇంజిన్ ఈసారి లేచినప్పటి గుర్తు కూడా పంపండి.

బిట్‌బాట

నేను ఒప్పుకుంటున్నాను, గెట్టర్ల విషయంలో నా పట్టుదల సరికాదు. మరి ఇలా విలువల మూటలు పంపేటప్పుడు రేపు కొత్తది చేరిస్తే? మా దగ్గర స్క్రీన్‌లన్నీ ఒకేరోజు అప్‌డేట్ కావు, పాతవీ కొత్తవీ కలిసి నడుస్తాయి.

నిశిరాత్రి

దీనికి నాకు తగిలిన దెబ్బే చెబుతాను. డేటాని బైట్లుగా పంపే ప్రోటోబఫ్ ఫార్మాట్‌లో ప్రతి ఫీల్డ్‌కీ ఒక నంబరుంటుంది, తీగ మీద వెళ్లేది ఆ నంబరే, పేరు వెళ్లదు. మాకు 4వ నంబరు ధర, పైసల్లో, పూర్ణసంఖ్య. ధరని వేరే మెసేజ్‌లోకి మార్చి ఆ ఫీల్డ్ తీసేశారు. రెండు నెలల తర్వాత ఇంకొకరు వచ్చి, 4 ఖాళీగా ఉంది కదా అని నిల్వకి ఇచ్చారు. అదీ పూర్ణసంఖ్యే. పాత స్క్రీన్‌లు నిల్వని ధర గడిలో చూపించడం మొదలుపెట్టాయి. ఎర్రర్ లేదు, లాగ్ లేదు, క్రాష్ లేదు. బస్తాల లెక్కని ధర అనుకుని ఒకాయన ఫోన్ చేసేదాకా మాకు తెలియలేదు.

తీసేసిన నంబర్లని రిజర్వ్‌డ్ అని రాసిపెట్టాలి, అప్పుడు ఎవరైనా మళ్లీ వాడబోతే కంపైలర్ ఆపేస్తుంది. మాకు ఆ ఒక్క లైను లేక వారం పోయింది.

తీగలాగితే

డీకామ్‌కి పునాది అయిన మైక్రోసాఫ్ట్ కామ్‌లో పద్ధతి ఇంకా కఠినం. ఒకసారి బయటికిచ్చిన ఇంటర్‌ఫేస్‌ని ఎప్పటికీ మార్చకూడదు. కొత్త మెథడ్ కావాలంటే కొత్త ఇంటర్‌ఫేస్, పేరు చివర 2. అది ఉందో లేదో క్వెరీఇంటర్‌ఫేస్‌తో అడగాలి. సన్ ఆర్‌పీసీలోనైతే ప్రతి కాల్‌లోనూ ప్రోగ్రామ్ నంబరు, వెర్షన్ నంబరు, ప్రొసీజర్ నంబరు మూడూ వెళ్తాయి. వెర్షన్ ఎప్పుడో ఒకప్పుడు అవసరమవుతుందని మొదట్లోనే దానికి చోటిచ్చారు.

పాతవైరు గారితో ఒక్కచోట విభేదిస్తాను. రిమోట్ ఆబ్జెక్టులే వద్దన్న ధోరణి వస్తోంది, అది సరికాదు. సరుకు వరుస రిమోట్ ఆబ్జెక్ట్ కానక్కర్లేదు, నిజమే, అది ఉత్త సమాచారం. కానీ గంటసేపు నడిచే లెక్కింపు పని ఉందనుకోండి. దాన్ని ఆపాలి, ఎంతవరకు వచ్చిందో అడగాలి, మధ్యలో వదిలేస్తే శుభ్రం చెయ్యాలి. దానికి సొంత ఆయుష్షు ఉంది, అవతలే బతుకుతుంది. దానికి ఆబ్జెక్టే సరైన రూపం. అనుమతుల విషయంలోనూ అంతే. ఎవరి చేతిలో ఆ ఆబ్జెక్ట్ రిఫరెన్స్ ఉందో వాళ్లకే ఆ పని చేసే హక్కు అన్న పద్ధతి క్యాప్‌ఎన్‌ప్రోటో అనే ఆర్‌పీసీ వ్యవస్థలో ఉంది. పైగా అందులో మొదటి కాల్ జవాబు రాకముందే ఆ జవాబు మీద రెండో కాల్ పంపొచ్చు, రానూపోనూ ఒక్కసారే. ఆబ్జెక్టులంటే తప్పనిసరిగా నిదానం అని లేదు.

పాతవైరు

ఆయుష్షు మాట బాగుంది, ఒప్పుకుంటాను. మీరు చెప్పిన లెక్కింపు పనిని నేను గుర్తు నంబరుతో నడిపేవాణ్ణి, ఇంజిన్ రీస్టార్ట్ అయినా ఆ నంబరు పట్టుకుని మళ్లీ అడగొచ్చు కాబట్టి. రిఫరెన్స్ అయితే ఇంజిన్‌తోపాటే పోతుంది. ఈ ఒక్క కారణానికే నేను ఇంకా నంబరు వైపే ఉన్నాను.

సన్నజాజి

ఎర్రర్ల గురించి ఎవరూ అనలేదు. ఇంజిన్ లోపలి ఎక్సెప్షన్‌ని అలాగే బయటికి పంపకండి. స్క్రీన్‌కి ఆ క్లాసే ఉండదు, తెరిచేటప్పుడు ఇంకో ఎర్రర్ వస్తుంది, అసలుది మరుగున పడుతుంది. స్క్రీన్‌కి తెలియాల్సింది కొంచెమే: మళ్లీ ప్రయత్నించొచ్చా, అడిగిందే తప్పా, ఈలోగా వేరేవాళ్లు మార్చేశారా.

కొత్తమెట్టు

పది రోజులైంది, ఏం చేశానో చెప్పాలి కదా.

14 మెథడ్లు ఇప్పుడు ఐదు. జాబితా ఇవ్వు, ఒక్కదాని పూర్తి వివరాలు ఇవ్వు, నిల్వ మార్చు, మార్పుల స్ట్రీమ్ తెరువు, లెక్కింపు పని మొదలుపెట్టు. చివరిది నంబరు ఇస్తుంది, పాతవైరు గారి దారి. తీగలాగితే గారూ, ఏమనుకోకండి, మా ఇంజిన్ రోజూ రాత్రి రీస్టార్ట్ అవుతుంది. రెండువైపులా ఆగిపోవడానికి కారణం సన్నజాజి గారు చెప్పిన లాకే, అక్షరాలా అదే లైను.

నిన్న టెస్ట్ పెట్టాను. నిల్వ 50. "5 తగ్గించు" పంపాను, ఇంజిన్ నిల్వ రాశాక, జవాబు పంపేలోపు ప్రాసెస్‌ని కిల్ చేశాను. స్క్రీన్‌లో టైమ్‌అవుట్. ఇంజిన్ లేచింది, స్క్రీన్ అదే గుర్తుతో మళ్లీ అడిగింది. 45. పది రకాల చోట్ల కిల్ చేసి చూశాను, పదిసార్లూ 45.

ఇంకొకటి చేశాను. మా టీమ్‌లో అందరి మెషీన్‌లలోనూ టెస్ట్ స్టబ్ ప్రతి కాల్‌కీ కావాలని 200 మిల్లీసెకన్లు ఆపుతుంది. నిన్న ఒక తమ్ముడు వరుసకో కాల్ చేసే కోడ్ రాసి, నడిపి, అరనిమిషం చూసి, నేను అడగకముందే తనే చెరిపేశాడు.

నిశిరాత్రి

ఆ స్టబ్‌లో వందకో కాల్‌కి జవాబు మింగేసే స్విచ్ కూడా పెట్టండి. పని జరగాలి, జవాబు మాత్రం రాకూడదు.

కొత్తమెట్టు

పెట్టాను. పెట్టిన గంటలోనే "వివరాలు ఇవ్వు" మెథడ్‌కి డెడ్‌లైన్ మర్చిపోయానని బయటపడింది.